ఫార్చునర్ 3.0 ఇంటర్‌కూలర్ మీద నీళ్ల స్ప్రే: పంపు, నాజిల్, వైరింగ్ ఎట్లా?

అనంతపురం_3లీటర్

బండి పాత ఫార్చునర్ 3.0 డీ-4డీ, మాన్యువల్. ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కడంతో వేడెక్కిన గాలిని ఇంజిన్‌లోకి పోయే ముందు చల్లబరిచేది) ఇంజిన్ నెత్తినే ఉంటుంది, బానెట్ స్కూప్ నుంచి గాలి వస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు లారీల వెనక సెకండ్, థర్డ్ గేర్లలోనే పోవాల్సి వస్తుంది. ఏసీ ఆన్, నిండా మనుషులు, పైన లగేజీ. కింది మలుపుల్లో బాగా లాగుతుంది, సగం దాటినాక పికప్ పడిపోతుంది. టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోంచి కదలదు.

మల్టీమీటర్‌తో వచ్చే కే-టైప్ ప్రోబ్‌ను ఇంటర్‌కూలర్ అవుట్‌లెట్ అల్యూమినియం మెడకు రేకు టేపుతో అంటించి, బయటి వేడి తగలకుండా పైన స్పాంజి కట్టి చూస్తే రీడింగులు ఇవి: బయట నీడలో 41 డిగ్రీలు, చదును రోడ్డు మీద 90 స్పీడులో 54, ఘాట్ సగంలో 78.

అనుకున్నది ఏందంటే డిక్కీలో 5 లీటర్ల క్యాన్, వైపర్ నీళ్ల మోటారు, స్కూప్ కింద రెండు నాజిళ్లు, డాష్‌బోర్డు మీద ఒక స్విచ్. వైపర్ మోటారు సరిపోతుందా? నిమిషానికి ఎన్ని నీళ్లు కొట్టాలి? మా బోరు నీళ్లు వాడొచ్చా? ఐస్ నీళ్లు పోసినా, స్పిరిట్ కలిపినా ఇంకా చల్లబడుతుందని కొందరు అంటారు, నిజమేనా? తెలిసినవాళ్లు లెక్కతో చెప్పండి.

కర్నూలు_డీజిల్_బెంచ్

ముందు కొలిచి తర్వాత అడిగినారు, అందుకే ఖచ్చితంగా చెప్పడానికి వీలవుతుంది. చదును రోడ్డు మీద బయటికి, అవుట్‌లెట్‌కు తేడా 13 డిగ్రీలే. అక్కడ స్ప్రేతో పని లేదు, గాలే చూసుకుంటుంది. ఘాట్‌లో తేడా 37. బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) నిండా ఉండి, బండి స్పీడు లేక స్కూప్‌లోకి గాలి తక్కువ పోయే ఈ పరిస్థితికే స్ప్రే. సుబారు ఇంప్రెజా ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్‌లకు ఇంటర్‌కూలర్ స్ప్రే కంపెనీ నుంచే వచ్చింది. ఎస్‌టీఐది కూడా మీ బండి మాదిరి ఇంజిన్ మీది ఇంటర్‌కూలరే. కాబట్టి ఆలోచన సరైందే.

కానీ స్ప్రే సామాను కొనే ముందు మూడు చూడండి. ఈ మూడిట్లో ఏది చెడినా నీళ్లు దాన్ని కప్పిపెడతాయే తప్ప బాగు చేయవు.

మొదటిది స్కూప్ సీలు. బానెట్ మూసినప్పుడు స్కూప్ గాలి మొత్తం ఇంటర్‌కూలర్ గుండానే పోవాలంటే చుట్టూ ఉన్న రబ్బరు, ఫోమ్ అంచు గట్టిగా ఒత్తుకోవాలి. ఇన్నేళ్ల బండిలో ఆ ఫోమ్ పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. వేలు దూరే సందు ఉన్నా గాలి ఫిన్ల (ఇంటర్‌కూలర్‌లోని సన్నటి రేకుల) గుండా పోకుండా పక్క నుంచి జారిపోతుంది. అంచు పొడవునా గ్రీజు పూసి, బానెట్ మూసి తెరిచి చూడండి. గ్రీజు మరక ఎక్కడ అంటలేదో అక్కడ సందు ఉన్నట్టు. కొత్త ఫోమ్ పట్టీ వేసినాక మళ్లీ ఘాట్ రీడింగ్ తీసుకోండి, కొన్ని డిగ్రీలు అక్కడే దిగొచ్చు.

రెండోది ఫిన్ల మురికి. ఇంటర్‌కూలర్ విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులన్నిటి నుంచీ సమానంగా వెలుగు రావాలి. మన వైపు ఎర్రమట్టి దుమ్ము, దానికి ఇంజిన్ ఆయిల్ తేమ కలిసి లోపల గట్టిపడుతుంది. గాలి పోయే దిశకు ఎదురుగా తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. సర్వీస్ స్టేషన్ గన్ను దగ్గర పెట్టి కొడితే ఫిన్లు పడుకుంటాయి.

మూడోది లీకు. టర్బో ఇన్‌లెట్ దగ్గర మూత బిగించి, దానికి పెట్టిన వాల్వు నుంచి 1 బార్ దాటకుండా గాలి ఎక్కించి, హోసుల కీళ్ల మీద సబ్బు నీళ్లు పూయండి. బ్రీదర్ పైపు (క్రాంక్‌కేస్, అంటే ఇంజిన్ కింది భాగంలోని ఆవిరిని బయటికి తెచ్చేది) ఆ దారిలోనే కలుస్తుంది, దాన్ని ముందు విప్పి రంధ్రం మూయకపోతే ప్రెషరంతా క్రాంక్‌కేస్‌లోకి పోయి సీళ్లు తన్నేస్తాయి. హోస్ లీకైతే అదే బూస్ట్ కోసం టర్బో ఇంకా వేగంగా తిరగాలి, బయటికొచ్చే గాలి ఇంకా వేడెక్కుతుంది. ఎండ వల్ల అనుకునే పికప్ సమస్యల్లో చాలావాటికి మూలం ఇక్కడే.

ఇక నీళ్ల లెక్క. 41 డిగ్రీల గాలిని టర్బో రెండింతల ప్రెషర్‌కు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా అది 135 నుంచి 140 డిగ్రీలకు చేరుతుంది. మీ 2982 సీసీ ఇంజిన్ 2500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు ఆరున్నర కిలోల గాలి మింగుతుంది. ఆ గాలిని 78 నుంచి 63కు దించాలంటే నిమిషానికి దాదాపు 98 కిలోజౌళ్ల వేడి తీసేయాలి. కిలో నీళ్లు ఆవిరి కావడానికి దగ్గరదగ్గర 2400 కిలోజౌళ్లు పడతాయి. అంటే చుక్క వృథా కాకుండా ఫిన్ల మీదే ఆవిరైతే నిమిషానికి 40 మిల్లీలీటర్లు చాలు. అట్లా ఎప్పటికీ జరగదు, కొంత పక్కకు పోతుంది, కొంత కారిపోతుంది. మూడో వంతు పనికొస్తుందనుకుంటే నిమిషానికి 120 మిల్లీలీటర్లు. అక్కడ మొదలుపెట్టండి. లీటర్లకు లీటర్లు కొట్టేవాళ్లు రోడ్డు తడపడమే తప్ప ఇంటర్‌కూలర్‌ను చల్లబరచడం లేదు. పైగా నీళ్లెక్కువైతే సన్నటి ఫిన్ల సందుల్లో పొరలా నిలిచి గాలి దారే మూసేస్తాయి, రీడింగ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

మనకు కలిసొచ్చేది పొడి గాలి. 41 డిగ్రీల్లో తేమ 20 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత (నీళ్లు ఆవిరవుతూ ఎంతవరకు చల్లబడగలవో ఆ హద్దు) 23 దగ్గర ఉంటుంది. మన ఇళ్లల్లో ఎండాకాలం కూలర్ బాగా పనిచేసేది, సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు చేయనిది ఈ కారణంతోనే. అదే స్ప్రే వానాకాలం మబ్బు పట్టిన రోజు కొడితే ఫలితం బాగా తగ్గుతుంది.

15 డిగ్రీలు దిగితే ఇంజిన్‌లోకి పోయే గాలి నాలుగున్నర శాతం చిక్కబడుతుంది. డీజిల్‌లో పవర్ నిర్ణయించేది ఇంధనం కాబట్టి అంత పవరూ వెంటనే పెరగదు. వేడి చూసి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంధనం కోసేస్తూ ఉంటే ఆ కోత ఆగుతుంది, పొగ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వేడి దిగుతుంది. కొత్తగా హార్స్‌పవర్ పుడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

కడప_డ్రిప్_ఫాగర్

పంపు, నాజిల్ సంగతి నేను చెప్తా.

వైపర్ మోటారు వద్దన్నా. అది 1 నుంచి 2 బార్ మించి ఇవ్వదు. ఆ ప్రెషర్‌లో ఏ నాజిల్ పెట్టినా నీళ్లు దారలుగా, లావు చుక్కలుగా పడతాయి. లావు చుక్క ఆవిరయ్యే లోపే కిందికి జారిపోతుంది. సన్నటి మంచు రావాలంటే కనీసం 4, 5 బార్ కావాలి.

పురుగుమందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు తీసుకోండి. విడిగా దొరుకుతుంది, 2 నుంచి 4 ఆంపియర్లు లాగుతుంది, పైకి కూడా నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి క్యాన్ కంటే ఎత్తులో బిగించినా పర్వాలేదు. ఆర్‌వో మిషన్ బూస్టర్ పంపు చవకని తేవద్దు, మామూలుగా దొరికేది 24 వోల్టులది.

ఒక చిక్కు ముందే చెప్తున్నా. ఈ స్ప్రేయర్ పంపు నిమిషానికి 3 లీటర్ల పైన తోస్తుంది, మీకు కావాల్సింది 120 మిల్లీలీటర్లు. దాని నెత్తిన ఉండే ప్రెషర్ స్విచ్ క్షణంలో కట్ అయి, మళ్లీ కలిసి, టకటకమని కొట్టుకుంటూ ఉంటుంది. అట్లా వదిలేస్తే స్విచ్ పాయింట్లు కాలిపోతాయి. మందు: పంపు అవుట్‌లెట్‌లో ఒక టీ వేసి, ఒక కొమ్మను చిన్న కాక్ గుండా తిరిగి క్యాన్‌లోకి వదలండి. రెండో కొమ్మ నాజిళ్లకు. 0 నుంచి 10 బార్ మీటరు పెట్టి, కాక్‌ను కొంచెం కొంచెం మూస్తూ 5 బార్ దగ్గర ఆపి పెయింటు చుక్కతో గుర్తు పెట్టుకోండి. మీటరు తర్వాత తీసేయొచ్చు.

నాజిళ్లు రెండు రకాలు. షేడ్‌నెట్లలో వాడే ప్లాస్టిక్ ఫాగర్ ఒక్కో ముక్కుకు 4 బార్ దగ్గర గంటకు 7 లీటర్లు, అంటే నిమిషానికి 117 మిల్లీలీటర్లు. నాలుగు ముక్కులది తెస్తే గంటకు 28 లీటర్లు పోతుంది, అది మీకు చాలా ఎక్కువ. ఇంటర్‌కూలర్ బంపర్ వెనక ఉన్న బండ్లకు ఒక్క ముక్కు ఫాగర్ చక్కగా సరిపోతుంది. మీది ఇంజిన్ మీద కాబట్టి ప్లాస్టిక్ వద్దు, బండి ఆపినాక బానెట్ కింద చేరే వేడికి మెత్తబడి ముక్కు సాగిపోతుంది. ఇత్తడి మిస్ట్ నాజిల్, రంధ్రం 0.3 మిల్లీమీటర్లది రెండు తీసుకోండి. 5 బార్ దగ్గర ఒక్కోటి 60 మిల్లీలీటర్ల అటూ ఇటూ ఇస్తుంది. కంపెనీ చెప్పిన అంకె నమ్మకుండా గ్లాసులో నిమిషం పాటు పట్టి కొలవండి.

నాజిల్‌కు ముందు కారడం ఆపే చిన్న వాల్వు తప్పనిసరి. డ్రిప్ షాపుల్లో ఫాగర్‌తోనే ఇస్తారు. అది లేకపోతే పంపు ఆగినాక పైపులో మిగిలిన నీళ్లన్నీ బొట్లు బొట్లుగా ఇంజిన్ మీద కారుతాయి. క్యాన్ దగ్గర 120 మెష్ జాలి ఫిల్టర్ పెట్టండి.

పైపు విషయంలో చాలామంది తడబడతారు. ఆర్‌వో పైపు పావు ఇంచీది, అంటే 6.35 మిల్లీమీటర్లు. గాలి లైన్లకు వాడే పుష్ ఫిట్టింగులు ఎక్కువగా 6 మిల్లీమీటర్లవి. రెండూ కలిపితే చూడ్డానికి పట్టినట్టే ఉంటుంది, 5 బార్‌కు ఊడొస్తుంది. అంతా ఒకే సైజు తీసుకోండి. డిక్కీ నుంచి ముందు దాకా ఏ పైపైనా ఫరవాలేదు, బానెట్ కింద మాత్రం లారీ ఎయిర్ లైన్లకు వాడే నైలాన్ పైపే వేయండి. ఆర్‌వో పైపు వేడికి తట్టుకోదు.

నాజిల్ బిగించే ముందు: ఇంటర్‌కూలర్ మీద న్యూస్‌పేపర్ పరిచి, నాజిళ్లు చేత్తో పట్టుకొని రెండు సెకన్లు కొట్టించండి. తడి ఎక్కడ పడిందో కాగితమే చూపిస్తుంది. తడి మచ్చ మొత్తం కోర్ (ఫిన్లున్న భాగం) లోపలే ఉండాలి, ప్లాస్టిక్ మీదికి గానీ బయటికి గానీ దాటకూడదు. మీ బానెట్ కింద సందు తక్కువ, నిలువుగా పైనుంచి కొడితే రెండు చిన్న వృత్తాలు తడిసి మిగతాది పొడిగా మిగులుతుంది. అందుకని స్కూప్ నోటి దగ్గర, గాలి పోయే దారిలోనే ఏటవాలుగా పెట్టండి. గాలే మంచును కోర్ అంతటా పరుస్తుంది.

ఎలక్ట్రికల్_తాడిపత్రి

వైరింగ్. పంపును నేరుగా స్విచ్‌తో కలపకండి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టండి. కింద చెప్పే 30, 85, 86, 87 దాని పిన్నుల నంబర్లు.

బ్యాటరీ ప్లస్ నుంచి, జానెడు దూరంలోపే 7.5 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడ్నుంచి 1.5 స్క్వేర్ వైరు రిలే 30కి. 87 నుంచి పంపు ప్లస్‌కు. పంపు మైనస్ బాడీ ఎర్త్‌కు, పెయింటు గీకి, వాషరు వేసి బిగించాలి. 85 ఎర్త్. 86కు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వచ్చే ప్లస్, దారిలో డాష్‌బోర్డు స్విచ్. ఇగ్నిషన్ నుంచి కాకుండా బ్యాటరీ నుంచి నేరుగా 86కు ఇస్తే బండి ఆపినాక కూడా పంపు తిరుగుతుంది, పొద్దునకు క్యాన్ ఖాళీ, బ్యాటరీ డౌను.

ఆటోమేటిక్ కావాలంటే డబ్ల్యూ1209 అని చిన్న థర్మోస్టాట్ బోర్డు దొరుకుతుంది, ప్రోబ్‌తో సహా వస్తుంది, 110 డిగ్రీల వరకు చదువుతుంది. దాని సెట్టింగుల్లో పీ0లో కూలింగ్‌కు సీ పెట్టండి, పీ1లో తేడా 6 డిగ్రీలు. సెట్టింగ్ 62 పెడితే 62 దాటినప్పుడు పంపు ఎక్కుతుంది, 56కు దిగితే ఆగుతుంది. పీ1 ఒకటో రెండో పెడితే రిలే ఊరికే కొట్టుకుంటుంది. ప్రోబ్‌ను అవుట్‌లెట్ అల్యూమినియం మెడకే కట్టండి. ప్లాస్టిక్ ట్యాంకు మీదో, రబ్బరు హోసు మీదో కడితే లోపలి వేడి బయటికి తెలిసేసరికి ఘాట్ అయిపోతుంది. స్ప్రే నేరుగా ప్రోబ్ మీద పడితే తడికే చల్లబడి పంపును ముందే ఆపేస్తుంది, కాబట్టి స్పాంజి మీద టేపు చుట్టండి.

ఆ బోర్డు మీది బుల్లి రిలేకు పంపు మోటారు కలపొద్దు. దాని మీద 10 ఆంపియర్లని రాసి ఉన్నా మోటారు లోడుకు పాయింట్లు అతుక్కుపోతాయి. అతుక్కుంటే పంపు ఆగదు. ఆ రిలే పని కేవలం బండి రిలే 86కు కరెంటు ఇవ్వడం వరకే. బోర్డు 12 వోల్టులది, ఆల్టర్నేటర్ 14.4 ఇస్తుంది, అంతవరకు తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మోటార్లు ఆగినప్పుడు వచ్చే కుదుపు వోల్టేజీ. పంపు రెండు వైర్ల మధ్య 1ఎన్5408 డయోడు, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేట్టు వేయండి. బోర్డు సప్లైకి 1 ఆంపియర్ ఫ్యూజు వేరే.

థర్మోస్టాట్ ఉన్నా డాష్ స్విచ్ సిరీస్‌లో ఉంచండి. వానలో, సర్వీసులో చేత్తో కట్ చేయడానికి.

ఇంకొకటి. పెట్రోలు బండ్లలో బూస్ట్ ప్రెషర్ స్విచ్ పెట్టి, బూస్ట్ వచ్చినప్పుడే స్ప్రే వచ్చేట్టు చేస్తారు. ఆ స్విచ్‌కు గాలి కోసం వేస్ట్‌గేట్ (బూస్ట్‌ను హద్దులో ఉంచే తలుపు) యాక్చుయేటర్ హోసులో టీ వేయకండి. ఆ టీ లీకైందంటే యాక్చుయేటర్‌కు ప్రెషర్ అందదు, వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటి పోతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వేరే తీసుకోండి.

అనంతపురం_3లీటర్

అందరికీ థ్యాంక్స్ అన్నా. సీలు చూస్తే కుడి పక్క అంచు మొత్తం పోయింది, గ్రీజు అంటనే లేదు. అది మారుస్తాను ముందు. నీళ్లు, ఐస్, స్పిరిట్ సంగతి చెప్పలేదు. ఇంకా, ఇంజిన్ మీదే కదా నీళ్లు పడేది, దానికేమీ కాదా?

కర్నూలు_డీజిల్_బెంచ్

ఐస్ నుంచి మొదలుపెడతా. కిలో నీళ్లను 40 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు చల్లబరిచి పోస్తే మీకు అదనంగా దక్కేది 126 కిలోజౌళ్లు. ఆవిరి తీసుకుపోయే 2400 పక్కన అది 5 శాతం. క్యాన్‌లో ఐస్ ముక్కలు వేసే శ్రమకు తగ్గ ఫలం లేదు. ఎండకు కాగిన నీళ్లైనా దాదాపు అంతే పనిచేస్తాయి.

స్పిరిట్ వద్దే వద్దు. దాని ఆవిరి వేడి నీళ్లలో సగం కూడా లేదు, కాబట్టి చల్లదనం తగ్గుతుంది. కింద టర్బో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కాలుతూ ఉంటాయి, మండే ఆవిరిని వాటి మీదికి వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. స్పిరిట్, మెథనాల్ వాడతారని మీరు విన్నది ఇన్‌టేక్ పైపు లోపలికి కొట్టే పద్ధతి గురించి. అది వేరే పని, దానికి కొలత వాల్వులు, కంట్రోలర్ కావాలి. ఈ స్ప్రే నాజిల్‌ను ఎవరన్నా చెప్పారని పైపు లోపలికి గుచ్చకండి. నాజిల్ కారి నీళ్లు సిలిండర్‌లో చేరితే స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బోరు నీళ్లు కూడా వద్దు. మన జిల్లాల బోర్లలో ఉప్పు, సున్నం ఎంతో మీకు తెలిసిందే. టీడీఎస్ (లీటరులో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 500 ఉన్న నీళ్లు లీటరు ఆవిరైతే అర గ్రాము ఉప్పు ఫిన్ల మీదే మిగులుతుంది. ఘాట్ ఒకసారికి లీటరున్నర వేసుకోండి, ఒక ఎండాకాలంలో ఫిన్ల సందులు తెల్లగా పూడుకుపోతాయి. 0.3 నాజిల్ అంతకంటే ముందే మూసుకుపోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉత్తమం. ఆర్‌వో నీళ్లు రెండో మాట, తప్పనిసరైతే. ఆర్‌వో మిషన్ బయటికి వదిలే నీళ్లు బోరు నీళ్ల కంటే ఘోరం. ఇంటి ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, కానీ బూజు, క్రిములు ఉంటాయి. ఫార్చునర్‌లో ఏసీ గాలి తీసుకునే చోటు అద్దం కిందనే, బానెట్ వెనక అంచులో. నిలవ నీళ్ల మంచు అక్కడి నుంచి లోపలికి వచ్చి మీరే పీలుస్తారు. అందుకే క్యాన్‌లో నీళ్లు వారాల తరబడి ఉంచకండి, స్ప్రే ఆన్‌లో ఉన్నప్పుడు ఏసీని లోపలి గాలికే పెట్టుకోండి.

ఇంజిన్ మీద పడే నీళ్లు అసలు జాగ్రత్త పడాల్సిన విషయం. మీ ఇంటర్‌కూలర్ కింద ఇంజెక్టర్ కనెక్టర్లు ఉన్నాయి. సన్న మంచు కోర్‌లోనే ఆవిరైపోతే కిందికి ఏమీ రాదు. కారితే కనెక్టర్ సీళ్ల దగ్గర నిలిచి పచ్చగా పట్టి, తర్వాత ఎప్పుడో మిస్‌ఫైర్‌గా బయటపడుతుంది. ఆల్టర్నేటర్, కాలిన మానిఫోల్డ్ మీద చల్లటి నీళ్లు దారగా పడినా నష్టమే, పోత ఇనుము పగుళ్లిస్తుంది. ఇట్లా చూడండి: కోర్ కింద, ఇంజిన్ పైన ఒక పొడి కార్డ్‌బోర్డు ముక్క, వేడికి తగలకుండా, పెట్టి ఘాట్ లాంటి లోడులో నడిపి వెంటనే తీసి చూడండి. అట్ట మెత్తగా చెమ్మగిల్లితే ఫరవాలేదు. చుక్కల మచ్చలుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. అప్పుడు ఆన్, ఆఫ్ టైమర్ పెట్టి 5 సెకన్లు కొట్టించి 5 సెకన్లు ఆపండి. లోహం కాసేపు చల్లదనం పట్టి ఉంచుతుంది కాబట్టి రీడింగ్‌లో పెద్ద తేడా రాదు.

గాలి కదలకపోతే నీళ్లు ఆవిరి కావని మర్చిపోవద్దు. బండి ఆగి ఉన్నప్పుడు, నడక వేగంలో పోతున్నప్పుడు స్ప్రే కారడానికే తప్ప దేనికీ పనికిరాదు. ఘాట్‌లో ట్రాఫిక్ పూర్తిగా ఆగితే స్విచ్ కట్ చేయండి.

పరీక్ష మాత్రం సరిగ్గా చేయండి. అదే ఘాట్, అదే గేరు, అదే లోడు, ఏసీ అట్లాగే ఆన్. ఒకసారి స్ప్రే లేకుండా, ఒకసారి స్ప్రేతో. నేరుగా రీడింగులు పోల్చకండి, రీడింగ్ నుంచి బయటి ఉష్ణోగ్రత తీసేసి ఆ తేడాలు పోల్చండి. ఓబీడీ యాప్‌లో (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపేది) ఐఏటీ, అంటే ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, చూసేవాళ్లకు ఒక మాట: చాలా బండ్లలో ఆ సెన్సారు ఎయిర్ ఫ్లో మీటర్‌లోనే, టర్బోకు ముందే ఉంటుంది. అది చూపేది ఫిల్టర్ గాలి వేడి, ఇంటర్‌కూలర్ గురించి దానికి ఏమీ తెలియదు. ఘాట్‌లో ఫుల్ బూస్ట్ మీద కూడా ఆ అంకె పెద్దగా ఎక్కకపోతే అది ఆ సెన్సారే. మీ కే-టైప్ ప్రోబే నమ్మదగింది.

పొద్దుటూరు_టీఎస్‌ఐ

నాది 1.0 టీఎస్‌ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్ల టర్బో ఇంజిన్) పెట్రోలు. బంపర్ తీసి చూస్తే ఇంటర్‌కూలర్ కనపడలేదు. నాజిల్ ఎక్కడ పెట్టాలి? పెట్రోలుకు లాభం ఎక్కువంటారు కదా.

కర్నూలు_డీజిల్_బెంచ్

లాభం ఎక్కువ మాట నిజం. పెట్రోలులో గాలి వేడెక్కితే నాక్ (ఇంధనం అదుపు తప్పి అంటుకొని ఇంజిన్ కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ స్పార్క్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, పవర్ కంటికి కనిపించేట్టు పడిపోతుంది. కానీ మీ ఇంజిన్‌లో ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే ఉంటుంది, గాలితో కాదు కూలెంట్‌తో చల్లబడుతుంది. దాని మీద నీళ్లు కొట్టడానికి చోటే లేదు. ఆ కూలెంట్‌ను చల్లబరిచే చిన్న రేడియేటర్ ముందు వైపు వేరే ఉంటుంది. కొడితే దాని మీదే కొట్టాలి, అది కూడా ఏసీ కండెన్సర్, రేడియేటర్ల వరుసలో ఎక్కడుందో చూసుకొని. మీకు ముందు చూడాల్సింది ఆ సర్క్యూట్‌లో గాలి బుడగ ఉందేమో, దాని ఎలక్ట్రిక్ పంపు తిరుగుతోందో లేదో. పంపు ఆగితే ఎన్ని నీళ్లు కొట్టినా మానిఫోల్డ్‌లో వేడి అట్లాగే ఉంటుంది.

ముందు వైపు నాజిల్ పెట్టే ఎవరైనా ఎయిర్ ఫిల్టర్ ముక్కు ఎక్కడ గాలి పీలుస్తుందో చూసుకోవాలి. మంచు ఆ ముక్కు దగ్గర పడితే ఫిల్టర్ కాగితం తడిసి ఉబ్బుతుంది.

అనంతపురం_3లీటర్

చివరిగా ఒకటే. వానలు మొదలైనాక స్ప్రేతో పని ఉండదు కదా, అంతా విప్పేయాలా?

కడప_డ్రిప్_ఫాగర్

విప్పక్కర్లేదు. క్యాన్ ఖాళీ చేసి, పంపు గాలి పీల్చేదాకా ఒక అర నిమిషం నడిపి పైపులోని నీళ్లన్నీ బయటికి తోసేయండి. డయాఫ్రమ్ పంపు ఆ కాసేపు ఎండుగా తిరిగితే ఏమీ కాదు, ఎక్కువసేపు వద్దు. ఇత్తడి నాజిళ్లు విప్పి, వంటింటి వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి రాత్రంతా నానబెట్టి, లోపలి చిన్న జాలి కూడా కడిగి, డబ్బాలో పెట్టుకోండి. రంధ్రంలో సూది పెట్టి పొడవకండి, 0.3 కాస్తా పెద్దదై మంచు పోయి దార వస్తుంది.

ఫిన్ల మీద తెల్లటి పొర కనిపిస్తే అదే వెనిగర్ నీళ్లు స్ప్రే బాటిల్‌తో కొట్టి, ఐదు నిమిషాల్లో మంచినీళ్లతో బాగా కడిగేయండి. బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు దగ్గరికి కూడా రానివ్వద్దు, అల్యూమినియాన్ని తినేస్తాయి. మళ్లీ మార్చిలో నాజిళ్లు బిగించేటప్పుడు గ్లాసులో నిమిషం పట్టి కొలవండి. రెండిటికీ మధ్య పది మిల్లీలీటర్ల కంటే తేడా వస్తే తక్కువ ఇచ్చేదాన్ని మార్చేయండి.